వేలికొన మీది రాజ్యం

ఆట అనగానే ఎదుటిపక్షం ఒకటి మనసులో మెదలుతుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవానిని పట్టేవారు ఉండాలి. పులిజూదంలో మేకలకు ఎదురుగా పులి నిలవాలి. చదరంగంలో ఒక రాజును కట్టివేయడానికి మరొక రాజు కావాలి. గెలుపు ఓటములు లేనిదానిని ఆట అనడానికి చాలామంది సందేహిస్తారు. కాని నేడు జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో ఇంటిల్లిపాదీ నిద్రించిన వేళ, దుప్పటి కింద చిన్న వెలుగు పెట్టుకొని మేలుకొని ఉన్న విద్యార్థి ఎవరినీ ఓడించడం లేదు. అతడు ఒక ఊరికి నీటి గొట్టాలు వేస్తున్నాడు. ఒక కర్మాగారంలో బొగ్గు చాలక ఆగిపోయిన కొలిమిని తిరిగి రాజేస్తున్నాడు. ధాన్యం కొట్టు నిండినదని సంతోషించి, ఇంకొక కొట్టు కట్టడానికి కలప లేదని చింతిస్తున్నాడు. తెల్లవారితే భౌతికశాస్త్ర పరీక్ష ఉన్నదన్న సంగతి ఆ చింత ముందు చిన్నబోయింది.

దీనిని వింత అనుకోనవసరం లేదు. ఇసుకలో పాదం మీద మట్టి కప్పి పిచ్చుకగూడు కట్టని బాల్యం మనకు లేదు. బొమ్మరిల్లు కట్టి, గుజ్జనగూళ్లు వండి, బొమ్మలకు పెళ్లిళ్లు చేసే బాలికలు మన ప్రాచీన కావ్యాలలో అడుగడుగునా కనిపిస్తారు. ఆ ఆటలలోనూ ఓడేవారు లేరు. ఒక చిన్న లోకాన్ని కల్పించి, దాని యోగక్షేమాలు తామే చూడడం అందులోని ఆనందం. వామనగుంటలలో ఒక గుంటలోని గింజలను తీసి వరుసగా పంచుతూ పోయే ముసలమ్మ ముఖంలో కనిపించే ఏకాగ్రత, పంటను కొట్లకు పంచే గృహిణి ఏకాగ్రత వంటిదే.

కంప్యూటరు తెర మీద ఈ వేడుక ఎలా మొదలైనదో చెప్పుకోదగిన కథ. అమెరికాకు చెందిన విల్ రైట్ 1984లో ఒక యుద్ధక్రీడను రూపొందించాడు. హెలికాప్టరులో ఎగురుతూ ద్వీపాల మీద బాంబులు వేయడం ఆ ఆట. ఆ ద్వీపాల మీద దారులు, భవనాలు అమర్చడానికి తన కోసం ఒక పరికరాన్ని తయారు చేసుకున్న ఆ రూపశిల్పికి, వాటిని కూల్చడం కంటె కట్టడమే ఎక్కువ ఇష్టంగా తోచింది. నగరాల ఎదుగుదలను గణితసూత్రాలతో వివరించిన జే ఫారెస్టర్ రచనలను చదివి, 1989లో ‘సిమ్‌సిటీ’ అనే ఆటను వెలువరించాడు. శత్రువు లేడు, ముగింపు లేదు, ఊరు పెరగడమే లక్ష్యం. ఇటువంటి దానిని కొనేవారు ఉంటారా అని అప్పటి వ్యాపారులు శంకించారు. ఆ శంక ఎంత అసమంజసమో తరువాతి కాలం తేల్చింది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’, ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’, ‘ఫార్మ్‌విల్’, ‘రిమ్‌వరల్డ్’, ‘ఫ్యాక్టోరియో’ అంటూ ఆ వంశవృక్షం శాఖోపశాఖలుగా విస్తరించింది.

మన ప్రాంతానికి ఈ ఆటలు కొంత ఆలస్యంగానే చేరాయి. పూర్వం హనుమకొండ వంటి పట్టణాలలో గంటకింత అని చెల్లించి కంప్యూటర్ కేంద్రాలలో ఆడుకొనేవారు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. దానికి నెల రోజుల ముందే, సెప్టెంబరు 5న, జియో సేవలు ప్రారంభమై అంతర్జాలం అరచేతికి చవకగా అందింది. కలెక్టరు కార్యాలయం, కల్పితనగరం ఇంచుమించు ఒకే నెలలో ఈ పట్టణాలకు వచ్చాయని హాస్యానికి చెప్పుకోవచ్చు.

ఇంతకూ ఈ ఆటలు మనిషిని ఎలా కట్టివేస్తాయి? ప్రేగ్ నగరంలోని ఒక చిన్న బృందం నిర్మించి, 2020లో పూర్తిరూపంలో విడుదల చేసిన ‘ఫ్యాక్టోరియో’ను పరిశీలిస్తే ఆ రహస్యం బోధపడుతుంది. అంతరిక్షనౌక కూలి, ఒక ఇంజనీరు నిర్మానుష్యమని తోచే గ్రహం మీద ఒంటరిగా పడతాడు. మొదట తన చేతులతోనే రాయి, బొగ్గు, ఇనుపఖనిజం, రాగిఖనిజం తవ్వుకుంటాడు. రాతి కొలిమి కట్టి ఖనిజాన్ని కరిగించి రేకులు చేస్తాడు. రెండు ఇనుపరేకులు కలిస్తే ఒక పళ్లచక్రం. అయిదు ఇనుపరేకులను మళ్లీ కొలిమిలో కాలిస్తే ఒక ఉక్కురేకు. ఇదంతా చేతితో చేస్తూ కూర్చుంటే తెల్లవారుతుంది కనుక, తవ్వే యంత్రాన్ని, మోసే బెల్టును, కూర్చే యంత్రాన్ని కల్పిస్తాడు. ఆ యంత్రాలకు విద్యుత్తు కావాలి. నీటిని తెచ్చి, బాయిలరులో బొగ్గు మండించి, ఒక్కొక్క బాయిలరుకు రెండేసి ఆవిరియంత్రాలు జోడిస్తాడు. ఇక ఆగడు. ఇనుము ఎక్కువైతే రాగి చాలదు. రాగి తెస్తే విద్యుత్తు చాలదు. విద్యుత్తు పెంచితే బొగ్గు అయిపోతుంది. ప్రతి లోటునూ తీర్చవచ్చు, తీర్చిన ప్రతి లోటూ మరొక లోటుకు జన్మనిస్తుంది. చివరకు ఒక రాకెట్టును ఆకాశంలోకి పంపడం ఆటకు గమ్యమని చెబుతారు గాని, అక్కడ ఆగినవారు తక్కువ.

మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీ మజిలీ కథలు’ చదివినవారికి ఈ పట్టు తెలిసినదే. ఒక మజిలీలో కథ ముగుస్తుంది, మరుసటి మజిలీలో కనిపించిన వింత మరొక కథను కోరుతుంది. మణిసిద్ధుడు చెప్పక తప్పదు, గోపకుమారుడు వినక తప్పదు. అయితే కథలో ఒక మజిలీ నుండి మరొక మజిలీకి నడవాలి, సాయంకాలం వంట చేసుకోవాలి, రాత్రి నిద్రించాలి. తెర మీది ఆటలో నడక లేదు, ఆకలి లేదు, సాయంకాలం లేదు. తాను చేస్తున్న పనికి తన నేర్పు సరిగ్గా చాలినప్పుడు మనిషి కాలాన్ని మరచిపోతాడని, ఆ స్థితి ఒక ప్రవాహం వంటిదని మనస్తత్వవేత్త చిక్‌సెంట్‌మిహాయి 1990లో ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. చెక్క చెక్కే శిల్పికి, రాగం ఆలపించే గాయకునికి అది అనుభవైకవేద్యం. జనగామ చేరువలోని పెంబర్తిలో ఇత్తడిరేకు మీద సుత్తితో పువ్వులు లేపే పనివాడు కూడా ఆ ప్రవాహంలో మునిగే ఉంటాడు. కాకపోతే అతని పని ముగిసేసరికి చేతిలో ఒక వస్తువు ఉంటుంది.

ఈ వ్యసనాన్ని పెద్దలు సోమరితనమని నిందిస్తారు. ఆ నింద న్యాయం కాదు. సోమరి ఎన్నడూ ఒక బెల్టు మీద నిమిషానికి ఎన్ని రేకులు పోతాయో కాగితం మీద లెక్కవేయడు. తన తప్పు ఎక్కడ ఉన్నదో వెతికి, కట్టినదంతా కూల్చి, మళ్లీ కట్టే ఓపిక సోమరికి ఉండదు. ఆ బాలుడు పారిపోతున్నది పని నుండి కాదు, ఫలం కనిపించని పని నుండి. ఇంటర్మీడియట్ విద్యార్థి దినచర్యను నిష్పక్షపాతంగా చూస్తే ఈ మాట అంగీకరించక తప్పదు. రెండేళ్లు కంఠస్థం చేసినదానికి ఫలితం ఒకనాడు ఒక సంఖ్యగా వస్తుంది. ఏ తప్పుకు ఎన్ని మార్కులు పోయినవో కూడా చాలామందికి తెలియదు. ఆటలో మాత్రం గొట్టం తప్పుగా వేస్తే ఆ క్షణమే నీరు ఆగుతుంది, సరిచేస్తే ఆ క్షణమే పారుతుంది. కారణం, కార్యం పక్కపక్కనే కనిపించే చోటును మనిషి వెతుక్కుంటాడు. అది మనం అతనికి తరగతిగదిలో ఇవ్వలేకపోయాము.

పరిపాలనలోని ఈ ఆనందం కొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసంలో యామునాచార్యుని నోట చెప్పించిన రాజనీతిలో, రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు పన్ను విషయంలో సానుకూలంగా ఉంటే ధర్మమూ అర్థమూ వృద్ధి పొందుతాయన్న సలహా ఉన్నది. అంతకు ఎన్నో శతాబ్దాల పూర్వమే భారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి ప్రశ్నలవర్షం కురిపిస్తాడు. వ్యవసాయం వానను మాత్రమే నమ్ముకోకుండా నీ రాజ్యంలో పెద్ద చెరువులు నిండుగా ఉన్నవా? రైతుకు విత్తనాలకు, తిండికి లోటు లేదు కదా? తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతున్నదా? అంధులను, మూగవారిని, దిక్కులేనివారిని తండ్రివలె చూస్తున్నావా? వ్యయం ఆదాయాన్ని మించడం లేదు కదా? నేటి నగరనిర్మాణ క్రీడలలో తెర పైభాగాన వరుసగా వెలిగే చిహ్నాలన్నీ ఈ ప్రశ్నలకు సంక్షిప్తరూపాలే. వింత ఏమంటే, ఈ ప్రశ్నలన్నింటికీ తల ఊపి సమాధానం చెప్పిన ఆ రాజే, అదే పర్వంలో, ఆ రాజ్యాన్నంతటినీ ఒక ఆటలో ఒడ్డి పోగొట్టుకున్నాడు. పాలించడం తెలిసినవాడు ఆటకు లొంగడని అనుకోవడానికి వీలు లేకుండా వ్యాసుడు ఆ రెండు ఘట్టాలను ఒకే పర్వంలో ఉంచాడు.

జూదానికీ ఈ ఆటలకూ భేదం ఉన్నదన్న మాట నిజమే. పందెం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో పందెపు రమ్మీని అంతర్జాలంలో నిషేధించినప్పుడు ఈ ఆటల జోలికి పోలేదు, పోనవసరమూ లేదు. కాని ఇక్కడ ఒడ్డుతున్నది మరొకటి ఉన్నది.

మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం అనే ఊరు ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ అక్కడ చెరువు కట్టించి వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలుసుకోవడానికి మనకు లభించిన ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. ఆ పరిసరాల గుట్టలలో ఇనుపఖనిజం ఉన్నది. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం, అప్పటి ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగార స్థాపనకు గల అవకాశాలను ఆరు నెలలలో పరిశీలించాలని పదమూడవ షెడ్యూలులో చెప్పింది. బయ్యారం అప్పుడు ఆ జిల్లాలోనిదే. సంవత్సరాలు గడిచాయి. ఖనిజంలో ఇనుము శాతం చాలునా, బొగ్గు ఎక్కడి నుండి తేవాలి, పెట్టుబడి ఎవరిది అన్న వాదాలు సాగాయి, ఉద్యమాలు సాగాయి, కర్మాగారం రాలేదు. ఆ ఊరి బాలుడు తన ఫోనులో పది నిమిషాలలో కొలిమి పెట్టి, ఖనిజాన్ని ఇనుముగా, ఇనుమును ఉక్కుగా మార్చగలడు. అతనిని చూసి నవ్వడం సులభం. పెద్దలు చేయలేనిదానిని పిల్లలు ఆడుకుంటున్నారు. ఆటలోని తృప్తి ఒకనాటికి ‘మన ఊరికి కర్మాగారం ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నను కూడా చల్లార్చివేస్తే, అప్పుడు అతడు ఒడ్డినది చిన్నదేమీ కాదు.

భూపాలపల్లి విషయం దీనికి భిన్నం. అక్కడ గనులు నిజంగానే ఉన్నవి. సింగరేణి బొగ్గుబాయిలు, ఓపెన్‌కాస్టు గనులు, చెల్పూరు వద్ద రెండు దశలలో కలిపి 1100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్కేంద్రం, అన్నీ కళ్లెదుటివే. ఆటలోని బాయిలరు, ఆవిరియంత్రం, బొగ్గు బెల్టు అన్నీ ఆ విద్యుత్కేంద్రంలో నిలువెత్తున ఉన్నవి. కాని ఆటలోని గనికి రాత్రిషిఫ్టు లేదు. రాత్రిషిఫ్టు దిగి వచ్చి పగలు నిద్రపట్టని తండ్రి లేడు. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిదో కాదో చెప్పే అనుభవజ్ఞుడు లేడు. యంత్రం తవ్వుతుంది, అంతే. గనికార్మికుని కుమారుడు తెర మీద గని నడుపుతూ, ప్రక్కగదిలో దగ్గుతున్న తండ్రిని తలుపు వేసుకోమనే దృశ్యం ఊహించడానికి కష్టమైనది కాదు.

అన్ని ఆటలూ మనిషిని మరచినవని చెప్పడం మాత్రం పొరపాటు. టైనన్ సిల్వెస్టర్ రూపొందించి 2018లో పూర్తిరూపంలో వెలువరించిన ‘రిమ్‌వరల్డ్’లో ఊరికి వచ్చిన ప్రతి వ్యక్తికీ ఒక గతం ఉంటుంది. ఆకలైతే, ఆప్తులు మరణిస్తే, చీకటిగదిలో ఉంచితే మనసు చెదిరి పని మానివేస్తారు. ధాన్యం లెక్క తప్పనివాడు కూడా మనుషుల లెక్క తప్పితే ఊరిని పోగొట్టుకుంటాడు. ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’ను నిర్మించిన సోదరులిద్దరూ ఓటమే వినోదమని దానిని పరిచయం చేశారు. ఇటువంటివి ఆడిన విద్యార్థికి చరిత్రలో రాజ్యాలు ఎందుకు కూలినవో చెప్పడం ఉపాధ్యాయునికి కొంత సులభమవుతుంది.

చెరువు సంగతి వేరు. ఆటలో చెరువు అంటే నీలిరంగు చతురస్రం. నీరు తోడుకోవచ్చు, అది తరగదు. గణపురంలోని గణపసముద్రం కట్ట మీద నిలబడినవారికి చెరువు అంటే కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అని తెలుస్తుంది. పై చెరువు మత్తడి దూకితే దిగువ చెరువు నిండుతుంది. ఆ గొలుసులో ఒక లంకె తెగితే పది ఊళ్ల పంట తెగుతుంది. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో నీరటి చూసేవాడు. బంధువు పొలానికి ముందు వదిలాడన్న అపవాదు పడకుండా ఏళ్ల తరబడి ఆ పని చేయడం ఎంత కష్టమో గ్రామాలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేసే పని మొదలైనప్పుడు పూడిక తీయడానికి యంత్రాలు దొరికినవి. శిఖం భూముల తగవులను తీర్చే యంత్రం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఏ ఆటలోనూ నీరటి లేడు.

ఇంకొక భేదం ఉన్నది. ఆటలో తప్పు చేసినవాడు దాచుకున్న పాతస్థితికి తిరిగిపోవచ్చు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ ఆనకట్టను 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న దాని స్తంభాలు కొన్ని కుంగినవి. ఎవరి లెక్క ఎక్కడ తప్పినదన్నది విచారణల విషయం. కాని గోదావరి మీద, 2019కి తిరిగిపోయే మీట ఎవరి చేతిలోనూ లేదు. మహబూబాబాద్ ప్రాంతపు మిర్చిరైతులకు 2021లో నల్లతామర పురుగు పూతనంతా కాజేసినప్పుడు కూడా అటువంటి మీట దొరకలేదు. ఫేస్‌బుక్కులో కోట్లమంది ఆడిన ‘ఫార్మ్‌విల్’లో సమయానికి రాకపోతే పంట వాడిపోయేది. అప్పుతెచ్చిన విత్తనం వాడిపోవడం, అది వాడిపోవడం ఒకటి కావు. ఆ ఆట 2020 డిసెంబరు 31న మూతపడింది. దానిలోని పొలాలన్నీ ఒకే రోజున మాయమైనవి. ఎవరూ వలసపోలేదు. జనగామ జిల్లాలోని బమ్మెరలో పోతన హలమూ గంటమూ రెండూ పట్టాడని లోకం చెప్పుకుంటుంది. అది ఎంతవరకు చరిత్రయో గాని, దుక్కి దున్నిన కవి అన్న భావనను మనవారు ఇంత ప్రేమగా కాపాడుకోవడంలో అర్థం ఉన్నది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ‘ఫ్యాక్టోరియో’ వంటివి ఒక్కసారి కొంటే చాలును. ఫోనులో ఉచితంగా దొరికే ఊళ్లూ కోటలూ అటువంటివి కావు. ఫిన్లాండుకు చెందిన సంస్థ 2012లో విడుదల చేసిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో ఒక గోడను ఎత్తు పెంచడం తృటిలో జరుగుతుంది, ఒక పెద్ద భవనాన్ని పెంచడానికి మాత్రం రోజులు పడుతుంది. వేచి ఉండలేనివాడు రత్నాలు కొని ఆ కాలాన్ని తగ్గించుకోవచ్చు. రత్నాలకు వెల నిజమైన రూపాయలు. అంటే అక్కడ అమ్ముతున్నది భవనం కాదు, ఓపిక. ముందు అసహనాన్ని పెంచి, ఆ తరువాత దానికి మందు అమ్మే ఆ వర్తకాన్ని, ఆలోచనకు పని చెప్పే ఆటలతో ఒకే గాటకట్టి తిట్టడం గాని, మెచ్చుకోవడం గాని తగదు. ఆట మీద అదుపు తప్పి, చదువూ బంధుత్వాలూ చెడుతున్నా మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన తన వర్గీకరణలో రుగ్మతగా చేర్చింది. అందరు ఆటగాళ్లూ రోగులు కారు. ఆ గీత దాటినవానిని మాత్రం తిట్టి లాభం లేదు, వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

ఇంతకంటె లోతైన ఆక్షేపణ మరొకటి ఉన్నది, దానిని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఈ ఆటలు ఎక్కువగా కొత్తనేల మీద వలసను స్థాపించడంతో మొదలవుతాయి. నేల ఖాళీగా ఉన్నట్లు తోస్తుంది. ‘ఫ్యాక్టోరియో’లోని గ్రహం నిజానికి ఖాళీగా లేదు. అక్కడ పుట్టి పెరిగిన పెద్దపురుగులు ఉన్నవి. కర్మాగారం పొగ తమ గూళ్లను తాకినప్పుడు అవి తిరగబడతాయి. ఆటగాడు గోడలు కట్టి, తుపాకులు అమర్చి, వాటిని కాల్చి, ఆ చోటును తన గనికి కలుపుకుంటాడు. పొగ ఎవరిదో ఆట దాచలేదు, కాని ఆటగాడు రెండవ రాత్రికి ఆ సంగతి మరచిపోతాడు. మహబూబాబాద్, భూపాలపల్లి అడవులలో కోయవారు తరతరాలుగా నివసిస్తున్నారు. గనికి, ఆనకట్టకు, అభయారణ్యానికి చోటు చూపే పటాలలో నేల ఎంత సులభంగా ఖాళీ అయిపోతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇదీ మనకు పూర్వపరిచితమైన కథే. పాండవుల భాగానికి వచ్చిన ఖాండవప్రస్థంలో ఇంద్రప్రస్థం వెలసింది. ఆ పిమ్మట అర్జునుడు ఖాండవవనాన్ని అగ్నికి అర్పించాడు. తక్షకుడు ఆ సమయంలో కురుక్షేత్రంలో ఉండి బతికిపోయాడు గాని, అడవిలో ఉన్న ప్రాణులలో మిగిలినవి ఆరే. తక్షకుని కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గకపక్షులు, మయుడు. నారదుడు వచ్చి ఆ ప్రశ్నలన్నీ అడిగిన సభాభవనాన్ని పధ్నాలుగు నెలలు శ్రమించి కట్టినవాడు ఆ మయుడే.